పికప్ వెనక ఎయిర్ బ్యాగులు: ఎత్తు చూసి గాలి కొట్టాలా, గేజ్ చూసి కొట్టాలా?

మధురవాడ_సౌండ్స్
నాది సింగిల్ క్యాబ్ పికప్, వెనక కమాన్ కట్టలే (స్టీలు పట్టీల స్ప్రింగులు), ఎనిమిది నెలల కిందట ఛాసిస్‌కీ యాక్సిల్‌కీ మధ్యన రెండు ఎయిర్ బ్యాగులు వేయించాను. పెళ్లిళ్లకి సౌండ్ బాక్సులు, ఆంప్లిఫయర్ ర్యాక్, చిన్న జెనరేటర్ వేసుకుని తిరుగుతాం, అన్నీ కలిపి 750 కిలోల దాకా ఉంటుంది, ఆర్సీలో ఉన్న పేలోడ్ లోపలే. బ్యాగులు లేనప్పుడు లోడు వేస్తే వెనక కుంగిపోయి హెడ్‌లైట్లు కొబ్బరిచెట్ల మీద పడేవి, ఎదురొచ్చే ప్రతివాడూ డిప్పర్ కొట్టడమే. ఆ బాధ ఇప్పుడు లేదు. కానీ ఫిట్ చేసినతను "60 పీఎస్ఐ పెట్టి మర్చిపోండి" అన్నాడు, అలాగే పెట్టాను. ఖాళీగా వస్తున్నప్పుడు వెనక గుర్రంలా ఎగురుతోంది, నడుం పోతోంది. లోడుతో ఉంటే ఎత్తు చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది, ఖాళీ బండి కంటే ఒక వేలు పైకే ఉంది. అయితే మొన్న అరకులో పెళ్లి చేసుకుని, అంటే పెళ్లికి సౌండ్ పెట్టి, అనంతగిరి ఘాట్ దిగుతుంటే ముందు చక్రాల దగ్గర కాలిన వాసన వచ్చింది, బ్రేకు తొక్కితే ముక్కు బాగా కిందకి దిగుతోంది, వెనక బ్రేకులు ఉన్నాయా లేవా అన్నట్టుంది. ఇద్దరు కుర్రాళ్లు పక్కన కూర్చున్నారు, నిజంగా భయమేసింది. అసలు వెనక ఎత్తు ఎంత ఉండాలి? ఎన్ని పీఎస్ఐ పెట్టాలి? ఎవరైనా సరిగ్గా చెప్పండి.

భీమిలి_రోడ్
60 ఎక్కువ. 40 పెట్టి చూడండి. నాది 40లో బాగుంది.

తోటవీధి
వెనక ఎయిర్ బ్యాగ్ ఏంటండీ, గుద్దుకున్నప్పుడు తెరుచుకునేదేనా? పికప్‌కి వెనక ఎందుకు?

భీమిలి_రోడ్
అది కాదు. ఇది రబ్బరు బెలో. బంప్ స్టాపర్ ఉండే చోట పెడతారు, గాలి కొడితే కమాన్‌కి సాయం చేస్తుంది. పేరొకటే, పని వేరు.

స్టీల్‌సిటీ_డీజిల్
@భీమిలి_రోడ్ మీ 40 మీ బండికి, మీ లోడుకి. ఆయనకి ఎందుకు పనికొస్తుంది? ముందు పీఎస్ఐ అన్న మాట పక్కన పెట్టండి. ఎత్తు కొలవండి, ఆ ఎత్తు రావడానికి ఎంత గాలి పడితే అదే మీ పీఎస్ఐ.

కొలిచే పద్ధతి చెప్తాను. నేల నుంచి కొలవొద్దు, టైరులో గాలి తగ్గినా లోడుకి టైరు నొక్కుకున్నా కొలత మారిపోతుంది. చక్రం మధ్యలో హబ్ నుంచి నిట్టనిలువుగా పైకి వీల్ ఆర్చ్ అంచు దాకా టేపు పెట్టండి. నాలుగు చక్రాలకీ కొలిచి రాసుకోండి. బండి ఆపగానే కొలవొద్దు, పది అడుగులు ముందుకీ వెనక్కీ తీసి, వెనక బాడీని రెండుసార్లు నొక్కి వదిలి అప్పుడు కొలవండి, లేకపోతే కమాన్ పట్టీలు ఒకదానికొకటి పట్టుకుని తప్పు ఎత్తు చూపిస్తాయి. మొదటి కొలత ఖాళీ బండితో, బ్యాగుల్లో 5 పీఎస్ఐ మాత్రమే ఉంచి. రెండోది అదే 5 మీద మొత్తం లోడు వేసి. ఈ రెండూ లేకుండా ఎవరేం చెప్పినా గాల్లో మాటే.

మధురవాడ_సౌండ్స్
5 కూడా ఎందుకు, పూర్తిగా తీసేస్తే పోలా?

స్టీల్‌సిటీ_డీజిల్
వద్దు. గాలి లేని బ్యాగు మడత పడి తనకి తనే ఒరుసుకుంటుంది, గుంటలో పడ్డప్పుడు రెండు ప్లేట్ల మధ్య నలిగి చిరుగుతుంది. మీ కిట్టు కాగితంలో కనిష్ఠం ఎంత రాశాడో చూడండి, మామూలుగా 5 ఉంటుంది. గరిష్ఠం కూడా రాసుంటుంది.

హార్బర్_ఐస్
సమంగా ఉన్న నేల ఎక్కడ దొరుకుతుంది మన ఊళ్లో? మా సెల్లార్‌కే నీళ్లు పోవడానికి వాలు పెట్టారు, బయట రోడ్డేమో కొండ. కొలిచినప్పుడల్లా ఒక సెంటీమీటరు తేడా వచ్చేది, బ్యాగు లీకేమో అని నెల రోజులు సబ్బునీళ్లు రాసుకుంటూ కూర్చున్నాను.

గాజువాక_కాటా
వే బ్రిడ్జికి తీసుకెళ్లండి. కాటా ప్లాట్‌ఫాం కంటే సమంగా ఉండే చోటు ఇంకోటి లేదు. పైగా బరువు కూడా తెలుస్తుంది. మొత్తం బండి ఒకసారి తూయించండి, తర్వాత వెనక చక్రాలు మాత్రమే ప్లాట్‌ఫాం మీద ఉండేలా పెట్టి ఇంకోసారి. వెనక యాక్సిల్ మీద ఎంత పడుతుందో చేతికి చీటీ వస్తుంది. 750 అనుకున్నవాళ్లకి 1100 వచ్చిన రోజులు చాలా చూశాను. జెనరేటర్‌లో డీజిల్, కేబుల్ చుట్టలు, పైన ఎక్కి కూర్చున్న కుర్రాళ్లు, ఇవెవరూ లెక్కలో వేయరు.

మధురవాడ_సౌండ్స్
@గాజువాక_కాటా ఇది బాగుంది, రేపే వెళ్తాను.

పాడేరు_కాఫీ
నేను కాఫీ గింజల బస్తాలు దింపుతాను ఘాట్ మీద నుంచి, నాలుగేళ్లుగా బ్యాగులు వాడుతున్నా. నా అనుభవం ఏంటంటే లోడు వేశాక వెనక భాగాన్ని ఖాళీ బండి ఎత్తుకి తీసుకురావాలన్న పట్టుదల మానుకోవాలి. కుంగిన దాంట్లో సగం, సగం కంటే కాస్త ఎక్కువ లేపితే చాలు. ఖాళీగా 55 సెంటీమీటర్లుండి లోడుకి 47 అయితే 51, 52 దగ్గర ఆపేయండి.

భీమిలి_రోడ్
ఎందుకు ఆపాలి? డబ్బు పెట్టి బ్యాగులు వేయించుకుంది బండి లెవెల్‌గా ఉండటానికే కదా. సగం కుంగిన బండి తోలడానికి బ్యాగులెందుకు?

పాడేరు_కాఫీ
కమాన్ కట్ట కూడా మోయాలి కాబట్టి. కమాన్ బరువుని ఛాసిస్‌కి రెండు చోట్ల, ముందు హ్యాంగర్ దగ్గరా వెనక షాకిల్ దగ్గరా పంచుతుంది. బ్యాగు మొత్తం బరువుని సరిగ్గా యాక్సిల్ పైన ఒక్క చోట పొడుస్తుంది. లోడంతా తొట్టి చివర ఉండి, బ్యాగులు ఫుల్లుగా ఉబ్బి, గుంటలో పడితే ఛాసిస్ ఆ పాయింట్ దగ్గర నుంచి విరుచుకోవాలని చూస్తుంది. ఆస్ట్రేలియాలో పికప్‌లకి ఇలా క్యాబిన్ వెనక ఛాసిస్ వంగిన ఫోటోలు బోలెడు చూశాం, అక్కడివాళ్లు వెనక ట్రైలర్ కూడా తగిలించి లాగుతారు.

స్టీల్‌సిటీ_డీజిల్
దానికి లెక్క కూడా ఉంది. బ్యాగు మోసే బరువు అంటే గాలి ప్రెషర్ ఇంటూ దాని అడ్డకోత వైశాల్యం. ఆ సైజు బ్యాగుకి పనిచేసే వెడల్పు నాలుగున్నర అంగుళాలు అనుకుందాం, వైశాల్యం 16 చదరపు అంగుళాల దగ్గర వస్తుంది. 60 పీఎస్ఐ అంటే 960 పౌండ్లు, 435 కిలోలు. రెండు బ్యాగులకి 870. ఆయన లోడే 750! అంటే కమాన్ ఖాళీ బండిలో ఉన్నట్టే ఉంది, లోడంతా రబ్బరు మీదే కూర్చుంది. ఖాళీ బండి కంటే ఒక వేలు పైకుంది అన్నారు చూడండి, అదే ఇది. 30 పెడితే రెండూ కలిసి 435 మోస్తాయి, మిగతా 300 పైచిలుకు కమాన్ మోస్తుంది. బ్యాగు సాగేకొద్దీ వైశాల్యం కొంచెం మారుతుంది కాబట్టి ఇది అంచనా లెక్కే, టేపే ఫైనల్.

భీమిలి_రోడ్
సరే, లెక్క ఒప్పుకున్నా. మరి వెనక బ్రేకులు పట్టకపోవడానికీ దీనికీ సంబంధం ఏంటి? అది వేరే ప్రాబ్లం అయి ఉంటుంది, లైనర్లు చూపించుకోమనండి.

ఎయిర్‌బస్_మెకానిక్
ఇందాకటి నుంచి ఈ మాట ఎవరంటారా అని చూస్తున్నాను. సంబంధం ఉంది బాబూ. అసలు విషయం అదే.

మధురవాడ ఆయనా, బండి కిందకి వంగి వెనక యాక్సిల్ హౌసింగ్ దగ్గర చూడండి. హౌసింగ్ మీద నుంచి ఛాసిస్‌కి ఒక సన్నటి రాడ్డో పొడుగాటి స్ప్రింగో కనబడుతుందా, దాని చివర ఒక చిన్న వాల్వ్, బ్రేకు పైపులు అందులోకి వెళ్లి బయటికొస్తుంటాయి. అది లోడ్ సెన్సింగ్ వాల్వ్. చాలా పికప్‌లకీ చిన్న లారీలకీ ఉంటుంది. ఖాళీ బండికి వెనక బ్రేకు గట్టిగా పడితే చక్రాలు లాకై బండి తిరిగిపోతుంది, అందుకని ఖాళీగా ఉన్నప్పుడు వెనక బ్రేకు ప్రెషర్ తగ్గిస్తుంది, లోడు వేసినప్పుడు పూర్తిగా వదులుతుంది. లోడు ఉందని దానికెలా తెలుస్తుంది? బాడీ కుంగితే. దానికి కళ్లు లేవు, కాటా లేదు, ఛాసిస్‌కీ హౌసింగ్‌కీ మధ్య దూరం తగ్గిందా లేదా, అదొక్కటే దాని లెక్క. మీరు 60 కొట్టి ఖాళీ బండి కంటే పైకి లేపారు. 750 కిలోలు వెనక పెట్టుకుని, బండి ఖాళీగా ఉందని బ్రేకుకి చెప్పారు. అది నమ్మింది. వెనక బ్రేకు తగ్గించేసింది. ఘాట్ దిగేటప్పుడు భారమంతా ముందు డిస్కుల మీద పడి వాసనొచ్చింది.

నేను ఎయిర్ సస్పెన్షన్ బస్సుల కింద పడుకునే ఇరవై ఏళ్లు గడిపాను, ఎత్తు తప్పు పెడితే ముందు పాడయ్యేది ప్రయాణం సుఖం కాదు, బ్రేకు.

మధురవాడ_సౌండ్స్
ఇప్పుడే టార్చి వేసుకుని చూశాను. ఉంది మాస్టారు. రాడ్డు ఉంది. ఎనిమిది నెలలు ఇలాగే తిప్పాను బండిని. చేతులు వణుకుతున్నాయి.

పాడేరు_కాఫీ
నాలుగేళ్లు వాడుతున్నా నాకు కూడా ఈ ముక్క తెలీదు, సగం ఎత్తులో ఉంచడం వల్ల బతికిపోయాను. మాస్టారు, అయితే ఆ రాడ్డుని మనమే కొంచెం సర్దుకుంటే సరిపోదా, లెవెల్‌గా ఉన్నా లోడు ఉన్నట్టు చూపించేలాగ?

ఎయిర్‌బస్_మెకానిక్
వద్దు. అలా సర్దితే ఖాళీగా వచ్చేటప్పుడు వెనక బ్రేకు ఎక్కువైపోతుంది, వానలో మర్రిపాలెం దగ్గరో ఎక్కడో సడన్‌గా తొక్కితే వెనక ముందుకొచ్చేస్తుంది. దానికి కంపెనీ ఇచ్చిన కొలత ఉంటుంది, ప్రెషర్ గేజులు తగిలించి సర్దాలి, ఇంటి దగ్గర స్పానర్‌తో చేసే పని కాదు. బ్రేకు పని తెలిసినవాడికి చూపించి రాడ్డు స్వేచ్ఛగా కదులుతోందా, తుప్పు పట్టి బిగుసుకుందా అన్నది చూడమనండి. ఎత్తు మాత్రం మీరే అదుపులో పెట్టుకోండి, లోడు ఉన్నప్పుడు కుంగినట్టు ఆ రాడ్డుకి తెలియాలి.

కొత్త బండ్లలో కొన్నిటికి ఈ వాల్వ్ ఉండదు, ఏబీఎస్‌తో పాటు ఈబీడీ అనే ఎలక్ట్రానిక్ ఏర్పాటు చక్రాల వేగం చూసుకుని బ్రేకుని ముందూ వెనకా పంచుతుంది. వాళ్లకి ఈ తంటా లేదు. అనుకోవడం కాకుండా కిందకి వంగి చూసుకోండి.

కొమ్మాది_కుర్రాడు
ఇంత గోల ఎందుకు, బస్సుల్లో ఉన్నట్టు లెవెలింగ్ వాల్వ్ పెట్టేస్తే దానంతట అదే ఎత్తు చూసుకుంటుంది కదా? ఆటోనగర్‌లో పాత బస్సు సామాన్లు దొరుకుతాయి.

ఎయిర్‌బస్_మెకానిక్
మంచి ప్రశ్న. బస్సులో లెవెలింగ్ వాల్వ్‌కి ఒక చెయ్యి ఉంటుంది, అది లింకు రాడ్డుతో యాక్సిల్‌కి కట్టి ఉంటుంది. జనం ఎక్కి బాడీ కుంగితే చెయ్యి పైకి లేస్తుంది, ట్యాంకులో గాలి బెలోస్‌లోకి పోతుంది. జనం దిగి బాడీ లేస్తే చెయ్యి కిందకి వాలుతుంది, గాలి బయటికి పోతుంది. ఎత్తు ఎంతన్నది ఆ లింకు రాడ్డు పొడుగు నిర్ణయిస్తుంది, దాని మర తిప్పి పొడుగు మారిస్తే బస్సు ఎత్తు మారుతుంది. మామూలుగా వెనక రెండు, ముందు ఒకటి పెడతారు, నాలుగు పెడితే ఒకదానితో ఒకటి పోట్లాడుకుని బస్సు మూలకి వాలిపోతుంది, మూడు కాళ్ల పీట ఊగనట్టు మూడైతే స్థిరంగా ఉంటుంది.

అయితే నువ్వు అది పికప్‌కి పెడితే ఏమవుతుంది? ఎంత లోడు వేసినా ఎత్తు మారదు. ఎత్తు మారకపోతే పైన చెప్పిన బ్రేకు వాల్వ్‌కి లోడు ఎప్పటికీ తెలియదు. బస్సులో ఆ బాధ ఎందుకు లేదంటే అక్కడ బ్రేకుకి లోడు కబురు ఎత్తు చెప్పదు, బెలోస్‌లో ఉన్న గాలి ప్రెషర్ చెప్తుంది, దానికి పైపు వేసి ఉంటుంది. అదంతా ఒక్క కుటుంబం, అందులోంచి ఒకడిని పట్టుకొచ్చి వేరే ఇంట్లో పెడితే పొసగదు.

కొమ్మాది_కుర్రాడు
అర్థమైంది మాస్టారు. ఇలా ఎవరూ చెప్పలేదు నాకు.

హార్బర్_ఐస్
నా కేసు విచిత్రం. ఫిషింగ్ హార్బర్‌లో చేప, ఐసు వేసుకుని బయల్దేరతాను, దారిలో ఐసు కరిగి నీళ్లు కారిపోతూ ఉంటాయి, చేరేసరికి బరువు చాలా తగ్గిపోతుంది. బయల్దేరినప్పుడు 52కి పెడితే చేరేసరికి 54 ఉంటోంది. తేడా లేదనుకునేవాణ్ణి, ఇప్పుడు 51తో మొదలుపెడతాను. ఇంకోటి, ఉప్పునీళ్లు కారే బండికి బ్యాగు కాదు ముందు పోయేది, దాని బ్రాకెట్ బోల్టులు. ఏడాదికే పొడి రాలింది. వారానికోసారి మంచినీళ్లతో కింద కడుగుతాను.

తోటవీధి
రెండు బ్యాగులకీ ఒకే వాల్వా, వేర్వేరుగానా?

భీమిలి_రోడ్
నాది టీ జాయింటు పెట్టి రెండు ట్యూబులూ కలిపి ఒకే వాల్వ్. ఒకసారి కొడితే రెండూ సమానం, హాయి.

పాడేరు_కాఫీ
ఘాట్‌లో తిరిగేవాళ్లు టీ పెట్టకండి. మలుపులో బండి వాలగానే నొక్కుకున్న వైపు బ్యాగులోని గాలి టీ గుండా రెండో వైపుకి పారిపోతుంది, ఇంకా వాలుతుంది. వేర్వేరు లైన్లుంటే నొక్కుకున్న బ్యాగు గట్టిపడి నిలబడుతుంది. పైగా జెనరేటర్ ఒక పక్కన పెడితే ఆ పక్క నాలుగు పీఎస్ఐ ఎక్కువ కొట్టుకోవచ్చు.

హార్బర్_ఐస్
అరకు రూట్లో టీ వద్దు, కాఫీయే. పాడేరు ఆయన ఇంకేం చెప్తారు.

పాడేరు_కాఫీ
ఈసారి వచ్చినప్పుడు ఒక కప్పు నా తరఫున.

విశాఖ_ఆర్సీ
ఎవరూ అడగలేదు గానీ చెప్పాలి. బ్యాగులు వేయిస్తే బండి పేలోడ్ పెరగదు. యాక్సిల్, చక్రాలు, బ్రేకులు, ఛాసిస్ అన్నీ పాతవే. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన వాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, కాబట్టి కమాన్లు పీకేసి పూర్తి ఎయిర్ పెట్టాలనుకునేవాళ్లు ముందు ఆర్టీఓ ఆఫీసులో అడగండి. ఓవర్‌లోడ్‌కి 2019 సవరణ తర్వాత చట్టంలో 20 వేలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకీ 2 వేలు. కుంగలేదు కదా అని ఇంకో రెండు బాక్సులు ఎక్కించే అలవాటు బ్యాగులున్నవాళ్లకి త్వరగా వస్తుంది, నా కళ్లతో చూశాను.

మధురవాడ_సౌండ్స్
వెళ్లొచ్చాను. కాటా దగ్గర రాసుకున్న లెక్కలు పెడుతున్నా.

ఖాళీ బండి, 5 పీఎస్ఐ: వెనక రెండు వైపులా 55 సెంటీమీటర్లు, ముందు 51. మొత్తం లోడు, 5 పీఎస్ఐ: ఎడమ 47, కుడి 48, ముందు 51న్నర. లోడు 750 కాదు 790 వచ్చింది, కేబుల్ పెట్టె లెక్కలో వేయలేదు, @గాజువాక_కాటా మీరన్నట్టే. అదే లోడు పాత 60 మీద: 55న్నర. తర్వాత కొద్దికొద్దిగా వదులుతూ ఎడమ 34, కుడి 28 పీఎస్ఐ దగ్గర రెండు వైపులా 52 సెంటీమీటర్లు వచ్చింది, ముందు 51 దగ్గరికి వచ్చేసింది. అక్కడ ఆపేశాను. ప్రతి ఎత్తు దగ్గరా కింద ఆ రాడ్డు ఎక్కడుందో మా వాడు ఫోన్లో ఫోటో తీశాడు. 60 మీద ఉన్న ఫోటో, ఖాళీ బండి ఫోటో పక్కపక్కన పెడితే ఏది ఏదో చెప్పలేం. 52 మీద కిందకి వచ్చింది రాడ్డు, తేడా కంటికి కనబడుతోంది.

ఎయిర్‌బస్_మెకానిక్
ఆ ఫోటోలు దాచుకోండి. ఎవరైనా 60 పెట్టి మర్చిపోమంటే అవే చూపించండి.

స్టీల్‌సిటీ_డీజిల్
ఇంకో చిన్న విషయం. గాలి ఎక్కడ కొడుతున్నారు? పెట్రోల్ బంకులో అయితే జాగ్రత్త, టైరుతో పోలిస్తే బ్యాగు చాలా చిన్నది, ఒక్క క్షణంలో 20 నుంచి 70కి దూకుతుంది. గేజ్ పెట్టి తీసినప్పుడు తప్పించుకునే గాలికే రెండు మూడు పీఎస్ఐ పడిపోతాయి, అది లీకనుకుని కంగారు పడొద్దు. నేను గేజ్ ఉన్న సైకిల్ పంపు సీటు వెనక పెట్టుకుంటాను, ముప్పైకి కొట్టడానికి అదే చాలు. నెలకి రెండు మూడు తగ్గడం కూడా మామూలే, వారంలో పది పోతే అప్పుడు సబ్బునీళ్లు. నైలాన్ ట్యూబ్‌ని కత్తెరతో కోస్తే చివర చదునై ఫిట్టింగ్ దగ్గర లీకవుతుంది, పదునైన బ్లేడుతో నిటారుగా కోయించండి.

భీమిలి_రోడ్
నేను కూడా కింద చూసుకున్నాను. నాకూ ఉంది రాడ్డు. నా 40 మీద ఖాళీ ఎత్తుకి ఒక సెంటీమీటరే తేడా. ఈ ఆదివారం టీ పీకించి రెండు లైన్లు వేయిస్తున్నా, ఎత్తు కూడా దింపుతున్నా. మొదట 40 పెట్టమని చెప్పింది నేనే, వెనక్కి తీసుకుంటున్నాను.

మధురవాడ_సౌండ్స్
బ్రేకు మెకానిక్ చూశాడు, రాడ్డు ఫ్రీగానే ఉంది, వెనక లైనర్లు కొత్తవాటిలా ఉన్నాయి, అరగనే లేదు. ముందు ప్యాడ్లు మాత్రం అయిపోయాయి, మార్చాను. నిన్న మళ్లీ అనంతగిరి, అదే లోడు, 52 ఎత్తు. దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగాను, బ్రేకు తొక్కితే బండి మొత్తం కూర్చున్నట్టు ఆగుతోంది, ముక్కు దిగడం చాలా తగ్గింది. ఎస్.కోట దగ్గర ఆపి నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి అడ్డం పెట్టి చూశాను, వెనక డ్రమ్ముల వేడి కూడా తగిలింది, ఇన్నాళ్లకి. హెడ్‌లైట్ కాస్త పైకి కొడుతోంది, డ్యాష్‌బోర్డు మీద లైటు దించే చక్రం 2కి తిప్పితే సరిపోయింది. సామాను దింపేశాక రెండు వైపులా 8కి వదిలేసి వచ్చాం, కుర్రాళ్లు ఇంటికొచ్చే దాకా నిద్రపోయారు.

ఒక్క సందేహం మాస్టారు, వాల్వులు ప్రస్తుతం నంబర్ ప్లేట్ వెనకున్నాయి, బురద నిండుతోంది. డీజిల్ మూత పక్కకి మార్చుకోవచ్చా, ట్యూబ్ సైలెన్సర్ దగ్గరగా వెళ్తుంది.

ఎయిర్‌బస్_మెకానిక్
సైలెన్సర్‌కి దూరంగా, అవతలి ఛాసిస్ పట్టీ లోపల నుంచి తీసుకురమ్మనండి, ట్యూబ్ కట్టే ప్లాస్టిక్ ట్యాగులు గట్టిగా బిగించొద్దు, ట్యూబ్ నొక్కుకుంటుంది. అరచెయ్యి మందం కంటే దగ్గరగా వేడి పైపు ఉండకూడదు. వాల్వుకి మూత పెట్టడం మరవకండి.